ఇంజిన్ ఆగినప్పుడు: మేనకోడలికి ఒక లేఖ

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పైలట్ లైసెన్స్ చేతికి వచ్చింది కనుక ఇకపై నీ పక్క సీటులో శిక్షకుడు ఉండడు. ఉన్న ఒక్క ఇంజినూ గాలిలో ఆగిపోతే ఏం చేయాలో రాస్తున్నాను.

ముందుగా ముక్కు దించి వేగాన్ని నిలుపుకో. నీవు నడిపే పాత సెస్నా 172లో 65 నాట్ల (గంటకు దాదాపు 120 కిలోమీటర్ల) వేగం పట్టుకుంటే, గాలి నిలకడగా ఉన్నప్పుడు ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు (దాదాపు 2.8 కిలోమీటర్లు) జారుతూ పోవచ్చు. ప్రాణాలు పోయేది చాలాసార్లు ఇంజిన్ ఆగినందుకు కాదు, ఇంకొంచెం దూరం పోదామని ముక్కు ఎత్తి, రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి, అంటే స్టాల్‌కు, తెచ్చుకున్నందుకు.

రేణిగుంట విమానాశ్రయంలో లేచిన వెంటనే, నాలుగైదు వందల అడుగుల్లో ఆగితే రన్‌వే వైపు తిరగాలన్న ఆశ వదులుకో. తిరగడానికి 45 డిగ్రీలు ఒరిగితే స్టాల్ అయ్యే వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది, ఎత్తేమో కరిగిపోతూనే ఉంటుంది. ఎదురుగా, కొద్దిగా అటూ ఇటూగా ఏది దొరికితే అక్కడే దిగు.

ఎత్తు ఉంటే కార్బ్యురేటర్ (గాలీ పెట్రోలూ కలిసే చోటు)కు వేడి గాలి పంపే కార్బ్యురేటర్ హీట్ నాబ్ పూర్తిగా లాగి, ఫ్యూయల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో చూసేది), మిక్చర్ (గాలిలో పెట్రోలు పాలు), మాగ్నెటోలు (స్పార్క్ ఇచ్చేవి) వరుసగా చూడు. మన ఊళ్లో మంచెక్కడిదని నవ్వకు. గాలిలో తేమ ఉంటే బయట 20 డిగ్రీలు దాటినా కార్బ్యురేటర్ గొంతులో మంచు కడుతుంది. హీట్ లాగగానే కరిగిన నీరు లోపలికి పోయి ఇంజిన్ ఇంకా దగ్గుతుంది. అది చూసి కంగారుపడి నాబ్‌ను వెనక్కి నెట్టేవాళ్లే ఎక్కువ.

ఈలోగా చోటు ఎంచుకో, ఎంచుకున్నాక మార్చకు. మామిడి తోపులు, చెరకు తోటలు పనికిరావు. వేరుశెనగ చేను మంచిది. కోత అయిన వరి కయ్యల్లో గట్ల వెంబడే దిగాలి తప్ప అడ్డంగా కాదు. స్వర్ణముఖి ఇసుక పైనుంచి రన్‌వేలా ఊరిస్తుంది గానీ, వదులు ఇసుకలో ముందు చక్రం దిగబడితే విమానం తిరగబడుతుంది. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాల వరుసను వెతుకు. శేషాచలం కొండల్లో దిగే చోటే లేదు కనుక, చుట్టుదారి అయినా మైదానం మీదుగానే దారి వేసుకో.

చేతికి తీరిక దొరికితేనే రేడియోలో అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మెగాహెర్ట్జ్‌లో మేడే (ప్రాణాపాయ పిలుపు) చెప్పి, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానం గుర్తు పంపే పెట్టెలో) అత్యవసర కోడ్ 7700 పెట్టు. నేల దగ్గరపడినప్పుడు పెట్రోలు కట్టేసి, తలుపు గొళ్లెం తీసి ఉంచు, లేకపోతే దెబ్బకు తలుపు బిగుసుకుపోవచ్చు. ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలు) కరెంటుతో దిగేవి కాబట్టి అవి పూర్తిగా దించాకే కరెంటు మొత్తాన్ని ఆపే మాస్టర్ స్విచ్ ఆపాలి. విమానం దెబ్బతింటుందని చూడకు, అది ఇన్సూరెన్స్ వాళ్ల బాధ.

ఆగగానే దిగి దూరంగా నడువు. చేలల్లోని వాళ్లు పరుగున వస్తారు. పెట్రోలు కారుతూ ఉండవచ్చు కనుక, దగ్గరలో ఎవరినీ బీడీ వెలిగించనివ్వకు.

ఇట్లు,
మామయ్య