ఆ స్టెరాయిడ్ మాత్రలు పక్కన పెట్టండి, ముందు హోల్టర్ పెట్టించండి

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. నా భార్య (38) పుట్టి పెరిగింది బొలీవియాలో. రక్తదానం చేశాక చాగస్ (ఏళ్ల తర్వాత గుండెను దెబ్బతీసే పరాన్నజీవి జబ్బు) యాంటీబాడీలు ఉన్నాయని ఉత్తరం వచ్చింది. వేరే పద్ధతిలో చేసిన రెండో పరీక్షా పాజిటివే. ఈసీజీలో రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కుడివైపు విద్యుత్ మార్గంలో అడ్డంకి) అన్నారు. పోయిన వారం వంటింట్లో స్పృహ తప్పి పడిపోయి, వెంటనే తేరుకుంది. గుండెలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే ఈ జబ్బు ఆగుతుందని చదివాను. మా అమ్మ ఆస్తమాకు వాడగా మిగిలిన ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇంట్లో ఉంది. వేయవచ్చా?

జవాబు: వద్దు. అసలు మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన ఆ పడిపోవడమే నాకు కంగారుగా ఉంది. ఈసీజీలో బ్లాక్ ఉన్న చాగస్ రోగి స్పృహ తప్పితే, వేరే కారణం తేలేదాకా గుండె లయ తప్పిందనే అనుకోవాలి. నీరసమనీ, లోబీపీ అనీ సరిపెట్టుకుని వారం పోగొట్టారు. ఈ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కారు ఆమె నడపకూడదు. హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా గుండె లయను నమోదు చేసే పరికరం), ఎకో (గుండె స్కాన్) రెండూ కావాలి. ఎకోలో ఎడమ జఠరిక (గుండె ఎడమవైపు కింది గది) కొస బుడగలా ఉబ్బిందేమో చూడమనండి. అక్కడ కట్టిన రక్తపు గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. పేస్‌మేకరా, ఐసీడీయా (ప్రమాదకరంగా లయ తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం) అన్నది ఆ తర్వాతి మాట.

ఇన్‌ఫ్లమేషన్ గుండెను దెబ్బతీస్తుందన్నంత వరకు మీరు చదివింది తప్పేం కాదు. చాగస్‌ను తెచ్చే పరాన్నజీవి ట్రిపనోసోమా క్రూజీ గుండె కండరంలో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మిగిలే ఉంటుంది. దాన్ని వెంటాడే రోగనిరోధక కణాలు కండరాన్నీ, విద్యుత్ మార్గాలనూ కూడా దెబ్బతీస్తాయి. పాడైన చోట మచ్చ కడుతుంది. కానీ పరాన్నజీవిని అదుపులో ఉంచేదీ ఆ కణాలే. స్టెరాయిడ్‌తో వాటిని అణిస్తే అది తిరగబెట్టవచ్చు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడతారు కాబట్టి, గుండె మార్పిడి చేయించుకున్న చాగస్ రోగుల్లో ఈ భయం ఉండనే ఉంది. కట్టిన మచ్చ ఎలాగూ కరగదు. ఒకరికి రాసిన మందు మిగిలింది కదా అని ఇంకొకరికి వేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. చీటీ మీద పేరు, వయసు ఊరికే రాయం.

పరాన్నజీవికి మందు బెంజ్నిడజోల్. పెద్దలకు సాధారణంగా రోజుకు కిలో బరువుకు 5-7 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా, 60 రోజులు. చాగస్ గుండె జబ్బు ఉన్నవాళ్లపై చేసి 2015లో వెలువరించిన బెనిఫిట్ (BENEFIT) అనే ట్రయల్‌లో ఇది రక్తంలో పరాన్నజీవిని తగ్గించింది కానీ, అప్పటికే మొదలైన గుండె జబ్బు ముదరడాన్ని చెప్పుకోదగ్గంతగా ఆపలేదు. కాబట్టి ఎకో చూశాకే ఇన్ఫెక్షన్ నిపుణులు నిర్ణయించాలి. గర్భం లేదని ముందే తేల్చుకోవాలి. మద్యం ముట్టకూడదు. మొదటి రెండు వారాల్లో దద్దుర్లు, చివర్లో అరికాళ్ల తిమ్మిర్లు రావచ్చు. తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయేమో మధ్యలో చూడాలి.

మీకు పిల్లలుంటే వాళ్లకూ, బొలీవియాలో ఉన్న ఆమె తల్లికీ, తోబుట్టువులకూ ఇదే రక్తపరీక్ష చేయించండి.