నీళ్లు కాచడానికి మైక్రోవేవ్ వాడితే కరెంటు ఆదా అవుతుందా?

సాధారణంగా కాదు. 25 డిగ్రీల వద్ద ఉన్న లీటరు నీరు మరగడానికి ఏ సాధనంతోనైనా సుమారు 0.09 యూనిట్ల వేడి అందాలి. తేడా అంతా వృథాలోనే ఉంటుంది. ఎలక్ట్రిక్ కెటిల్‌లోనూ, బకెట్‌లో వేసే హీటర్ రాడ్‌లోనూ వేడి నేరుగా నీటికే చేరుతుంది కనుక నష్టం స్వల్పం. మైక్రోవేవ్‌లో మాత్రం మాగ్నెట్రాన్ అనే భాగం ముందుగా కరెంటును తరంగాలుగా మార్చాలి. ఆ మార్పిడిలోనే దాదాపు మూడో వంతు పోతుంది కాబట్టి, లోపల 800 వాట్ల తరంగాలనిచ్చే ఓవెన్‌కు 1,200 వాట్ల దాకా కరెంటు ఖర్చవుతుంది. గ్యాస్ పొయ్యిపైనా మంట వేడి కొంత గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది.

ఒక్క కప్పుకైతే ఈ తేడా బిల్లులో కనిపించదు. అసలు జాగ్రత్త వేరొకటి: నున్నని కప్పులో నీళ్లు ఒక్క బుడగైనా రాకుండానే 100 డిగ్రీలు దాటి, టీ పొడి వేయగానే ఒక్కసారిగా పైకి ఎగదన్నవచ్చు. వేడిచేసే ముందే అందులో చెక్క పుల్ల ఒకటి వేసి ఉంచాలి.