కాంట్ చేరాడా, చేరారా?

సందేహం: జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ మీద వ్యాసం రాస్తున్నాను. ‘1740లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరాడు’ అని మొదలుపెట్టి, ‘1786లో అక్కడే రెక్టార్ అయ్యారు’ అని రాశాను. పదవితో పాటు గౌరవమూ పెరగాలి కదా అనుకున్నాను. ఇలా మార్చడం తప్పని మిత్రుడు అంటున్నాడు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. వ్యాసకర్తగా మీరు చెబుతున్నంతసేపూ ఒక మనిషికి ఒకే తీరు క్రియ వాడాలి. ‘డు’, ‘రు’ ఆ మనిషితో రచయితకున్న సంబంధాన్ని చెబుతాయి, అతని ఉద్యోగాన్ని కాదు.

పదవిని బట్టి మార్చాలంటే కాంట్ దగ్గరే చిక్కు వస్తుంది. 1755లో ఆయనకు పట్టా, పాఠాలు చెప్పే అర్హత వచ్చాయి. విశ్వవిద్యాలయం మాత్రం జీతం ఇవ్వలేదు. వినడానికి వచ్చిన విద్యార్థులు కట్టే ఫీజే ఆధారం. తర్కం, గణితం, భౌతికశాస్త్రం, భూగోళం అన్నీ చెప్పాడు. 1758లో ఆచార్య పదవికి దరఖాస్తు పెడితే అది వేరొకరికి దక్కింది. 1764లో కవిత్వ ఆచార్య పదవి ఇవ్వజూపితే తనే వద్దన్నాడు. 1766లో రాజ గ్రంథాలయంలో సహాయక ఉద్యోగం, చిన్న జీతం. 1770లో, 46వ ఏట, తర్క తత్వశాస్త్రాల ఆచార్యుడయ్యాడు. ఇందులో ‘రు’ ఎక్కడ మొదలుపెడతారు? ఆచార్య పదవి దగ్గర అంటే, ఫీజు మీద బతుకుతూ పదిహేనేళ్లు పాఠం చెప్పిన మనిషికి గౌరవం లేదని మీ వ్యాకరణం చెప్పినట్టు అవుతుంది. అది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

పాతకాలం వారికి ఏకవచనం రాయడం మన చరిత్ర రచనలో స్థిరపడ్డ పద్ధతి. నన్నయ రాశాడు, కృష్ణదేవరాయలు పాలించాడు అంటాం. చక్రవర్తికే లేని పట్టింపు రెక్టార్‌కు అక్కర్లేదు. దగ్గరి కాలం వారికి ‘రు’ వాడతాం. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన రోజుల గురించి రాసినా ‘చదువుకున్నారు’ అనే అంటాం. కాంట్‌కు కూడా మొదటి నుంచీ ‘రు’ వాడతానంటే అభ్యంతరం లేదు, మధ్యలో మార్చకండి. ‘ఆయన’ అని రాసి ‘చేరాడు’ అనడం కూడా తప్పు కాదు. ‘మా ఆయన వచ్చాడు’ అని ఇళ్లలో రోజూ వింటున్నదే.

స్త్రీల విషయం కాస్త వేరు. ‘రాసింది’ అనే రూపం మనుషులు కానివాటికీ అదే కాబట్టి, పాతకాలం రచయిత్రులకు కూడా ‘రాశారు’ అనేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. నాకూ అదే ఇష్టం. ఇక పాత్రల మాటల్లో ఈ నియమం పట్టదు. కాంట్ శిష్యుడి నోట ‘మా గురువుగారు చెప్పారు’ అనే ఉండాలి.

రెక్టార్ అన్నచోట ఒక్క ముక్క కలపండి. మన విశ్వవిద్యాలయాల్లో అది ఉపకులపతి తర్వాతి హోదా. అక్కడ మాత్రం సీనియర్ ఆచార్యులు వంతులవారీగా చేపట్టే అధిపతి పదవి, అందుకే 1788లో కాంట్‌కు మళ్లీ వచ్చింది. ‘1786లో విశ్వవిద్యాలయ అధిపతి, అంటే రెక్టార్ అయ్యాడు’ అని రాస్తే చాలు.