పార్కులో పిల్లలకు ఆటతో పాటు ఏమి నేర్పవచ్చు?

విశాఖలో పిల్లలతో కైలాసగిరి పార్కుకు వెళ్తున్నాం, ఆటతో పాటు ఏమైనా నేర్పవచ్చా అని అడిగారు. తప్పకుండా నేర్పవచ్చు. కానీ పాఠంలా మొదలుపెట్టకండి. ముందు ఆడనివ్వండి, తరువాత అడగండి.

ఊయల ఊగేటప్పుడు ఒళ్లు ఎక్కడ బరువుగా అనిపించింది? అడుగున. అక్కడ కదలిక పైకి మళ్లుతుంది కాబట్టి పీట మనల్ని గట్టిగా నెడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం కొండపై నుంచి కనిపించే సముద్రం. తీరాన నిలబడిన పిల్లవాడికి నింగీ నీరూ కలిసే గీత సుమారు 4 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. 100 మీటర్ల ఎత్తుకు చేరితే అది దాదాపు 36 కిలోమీటర్లకు జరుగుతుంది. భూమి గుండ్రంగా ఉండటమే కారణం. దూరమయ్యే ఓడలో ముందుగా ఏ భాగం కనుమరుగవుతుందో వాళ్లనే ఊహించనివ్వండి.

మరీ చిన్నవాళ్లయితే టికెట్ల చిల్లర లెక్క అప్పగించండి, చాలు.