టెక్ సందేహాలు: గడువులోగా పంపిన మెయిల్ ఆలస్యమైనట్టు ఎందుకు చూపిస్తుంది?

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యల ఎగుమతి కార్యాలయంలో పనిచేస్తున్నాను. మే 12న సాయంత్రం 4:10కి న్యూయార్క్‌లోని కొనుగోలుదారుకు ధరల పట్టిక మెయిల్ చేశాను. అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 12 వరకు గడువుంది. మా మెయిల్ రాత్రి 7:10కి పంపినట్టు ఉందని వారంటున్నారు. ఇటీవలే కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వేయించాం. సకాలంలో పంపామని నిరూపించడం ఎలా?

జవాబు: నిరూపించవచ్చు. అయితే ఆధారం ఉన్నది మీ కంప్యూటర్‌లో కాదు, కొనుగోలుదారుకు అందిన ప్రతిలో.

ప్రతి మెయిల్‌కూ పైకి కనిపించని హెడర్ ఉంటుంది. అందులోని ‘డేట్’ వరుసను, మీరు సెండ్ నొక్కగానే, మీ మెయిల్ ప్రోగ్రామే కంప్యూటర్ గడియారాన్ని చూసి రాస్తుంది. ఆ సమయం నిజమో కాదో దారిలోని సర్వర్లు సాధారణంగా పట్టించుకోవు. సమయం పక్కనే అంతర్జాతీయ కాలమానంతో ఉన్న తేడా కూడా నమోదవుతుంది. మనకది +0530, దీనికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీకు దగ్గర్లోనే, కాకినాడ సమీపం నుంచి వెళుతుంది.

మీ చిక్కు ఈ తేడా దగ్గరే వచ్చినట్టుంది. విండోస్ వేసినప్పుడు టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌గా ఉండిపోతే, దాన్ని మార్చకుండా గడియారాన్ని మాత్రం చేత్తో మన సమయానికి సరిచేసి ఉంటారు. అప్పుడు తెరపై 4:10 సరిగ్గానే కనిపిస్తుంది గానీ, మెయిల్‌లో ‘16:10 -0700’ అని పడుతుంది. అది న్యూయార్క్‌లో రాత్రి 7:10తో సమానం. +0530తో పడి ఉంటే అక్కడ ఉదయం 6:40 అయ్యేది. వారు చెప్పిన సమయం ఈ లెక్కకు నిమిషంతో సహా సరిపోతున్నందువల్లే కారణం ఇదేనని నమ్ముతున్నాను.

ఇక ఆధారం సంగతి. మెయిల్ చేతులు మారిన ప్రతిచోటా అక్కడి సర్వర్ తన గడియారం ప్రకారం ‘రిసీవ్డ్’ అనే వరుసను హెడర్ పైభాగాన చేరుస్తుంది కాబట్టి, ప్రయాణక్రమం తెలియాలంటే కింది నుంచి పైకి చదవాలి. కింది వరుసలను పంపేవారు కల్పించే వీలుంది; కొనుగోలుదారు సొంత సర్వర్ వేసిన వరుసను మాత్రం మీరు మార్చలేరు. అందులో మే 12, 06:40 -0400కు (అంటే న్యూయార్క్‌లో ఉదయం 6:40కి) అటూఇటుగా ఉంటే వివాదం తేలిపోతుంది. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలోని ‘షో ఒరిజినల్’, థండర్‌బర్డ్‌లో కంట్రోల్‌తో యూ నొక్కితే ఈ వరుసలు కనిపిస్తాయి. మీ ‘సెంట్’ ఫోల్డర్‌లోని ప్రతిలో ఇవి ఉండవు. మామూలుగా ఫార్వర్డ్ చేసినా పాత హెడర్ రాదు కనుక, ఆ మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా పంపమని వారిని అడగండి.

ఈలోగా విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను ‘చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’కి మార్చి, ఆ తరువాతే సమయాన్ని ఆటోమేటిక్‌గా తీసుకునే స్విచ్‌ను ఆన్ చేయండి.