బ్లడ్ బౌల్ ఆడుతున్న మేనల్లుడికి

చి॥ అనిరుధ్‌కు,

మావయ్య ఆశీస్సులు. నువ్వు కంప్యూటర్‌లో బ్లడ్ బౌల్ 3 మొదలుపెట్టావనీ, మనుషుల జట్టును ఎంచుకున్నావనీ, గెలిచిన వాటికంటే ఓడిన ఆటలే ఎక్కువనీ, తప్పంతా పాచికలదేననీ రాశావు. చివరి మాట తప్ప మిగిలినవన్నీ నమ్ముతాను. పాచికలు నీకూ నీ ప్రత్యర్థికీ ఒకే తీరున పడతాయి. అయితే అనుభవమున్నవాడు నీకంటే తక్కువసార్లు వాటి జోలికి పోతాడు. పోక తప్పనప్పుడు కూడా, ఓడినా పెద్దగా నష్టం లేని సమయం చూసుకుని వేస్తాడు. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా ఈ సంగతినుంచే పుడుతుంది.

1986లో గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ సంస్థ బల్ల మీద బొమ్మలతో ఆడే ఆటగా దీన్ని తెచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఓర్క్‌లు, ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, ఎలుకమనుషులు ఆడితే ఎలా ఉంటుందన్న సరదా ఊహ దీనికి మూలం. పైకి తన్నులాటలా కనిపించినా లోపల ఇది చదరంగానికి దగ్గరి చుట్టం. మైదానం 26 గడుల పొడవు, 15 గడుల వెడల్పు. జట్టుకు 11 మంది. ఆటలో రెండు సగాలు, ఒక్కో సగంలో ఒక్కో జట్టుకు 8 వంతులు. బంతిని అవతలి చివరి వరుసకు చేర్చితే ఒక టచ్‌డౌన్. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను రాసే లెక్కలు నువ్వు ఆడుతున్న 2020 నాటి నిబంధనల ప్రకారం ఉంటాయి గనుక, పాత ఆటలకు రాసిన సలహాలు చదివి తికమకపడవద్దు.

నీ వంతులో నీ ఆటగాళ్లను ఒక్కొక్కరిగా కదుపుతావు. మధ్యలో నీవాడు ఒకడు కూలబడినా, బంతిని ఎత్తబోయి జారవిడిచినా, విసిరిన బంతి నీ జట్టు చేతుల్లో నిలవకపోయినా నీ వంతు అక్కడికక్కడే ముగిసిపోతుంది, ఇంకా కదలవలసినవారు ఉన్నచోటే ఉండిపోతారు. దీన్నే టర్నోవర్ అంటారు. కొత్తగా ఆడేవారు ఏ పని చేస్తే లాభమో ఆలోచిస్తారు గానీ, చేయవలసిన పనుల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆలోచించరు. నువ్వు పంపిన ఆటల వీడియోల్లో నాకు ప్రతిసారీ కనబడింది ఇదే. వంతు మొదట్లోనే ఒక సాహసం చేస్తావు, అది చెడుతుంది, ఎనిమిది తొమ్మిది మంది చేయవలసిన పని చేయకుండా మిగిలిపోతారు.

అందుకని ముందుగా పాచిక అక్కరలేని పనులన్నీ ముగించు. కిందపడినవారిని లేపు, ప్రత్యర్థి పక్కన లేనివారిని వారు ఉండవలసిన చోటికి చేర్చు, తరువాత కొట్టబోయే దెబ్బకు ఆసరాగా నిలబడవలసినవారిని నిలబెట్టు. ఆ తరువాత బ్లాక్ నైపుణ్యం (కొట్టేటప్పుడు తానే కూలబడే ముప్పును తగ్గించేది) ఉన్నవారి చేత రెండు పాచికల దెబ్బలు (బలం మనవైపు ఎక్కువైనప్పుడు రెండు పాచికలు వేసి ఒకదాన్ని ఎంచుకునేవి), ఆపైన ఆ నైపుణ్యం లేనివారి చేత రెండు పాచికల దెబ్బలు వేయించు. ఒంటి పాచిక దెబ్బలూ, ప్రత్యర్థి పక్కనుంచి తప్పించుకుపోయే డాడ్జ్‌లూ, శక్తికి మించి ఒకటి రెండు గడులు పరుగెత్తే రష్‌లూ చిట్టచివరకు ఉంచుకో. ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నది ఒక దెబ్బ ఫలితాన్ని బట్టి తేలవలసి ఉంటే, వారిని ఆ దెబ్బ తేలేదాకా కదపకూడదు. దారి తెరుచుకోకముందే మనుషులను పంపి, దారి మూసుకుపోయాక చింతించడం కూడా తొందరపాటే.

లెక్కలు ఎందుకంటావేమో, ఇవి కొన్నే. నైపుణ్యం లేనివాడు ఒంటి పాచికతో కొడితే తానే కూలబడే అవకాశం మూడింట ఒకటి, రెండు పాచికలతో తొమ్మిదింట ఒకటి. బ్లాక్ నైపుణ్యం ఉంటే రెండు పాచికలతో అది 36లో ఒకటికి పడిపోతుంది. తనకంటే బలవంతుణ్ణి కొట్టబోయి ఎదుటివాడే ఫలితాన్ని ఎంచుకునే స్థితిలో పడితే, తొమ్మిదింట అయిదుసార్లు నీవాడే నేలకరుస్తాడు. అలాంటి దెబ్బ వేయడంకంటే ఊరక నిలబడటం మేలు. మొన్నటి ఆటలో నీవాడు ఒక డాడ్జ్ చేసి, రెండు రష్‌లు చేసి టచ్‌డౌన్ చేయబోయి పడిపోతే దురదృష్టం అని రాశావు. డాడ్జ్‌కు మూడింట రెండు, ఒక్కో రష్‌కు ఆరింట అయిదు చొప్పున గుణిస్తే నూటికి 46 వస్తుంది. సగంకంటే తక్కువ అవకాశమున్న పని చెడితే దాన్ని దురదృష్టం అనకూడదు. ఆ వంతులో అతణ్ణి ఉన్నచోటే ఉంచి, చుట్టూ ముగ్గురిని నిలబెట్టి ఉంటే, మరుసటి వంతులో ఆ గీత ఒక్క పాచిక కూడా వేయకుండా దాటగలిగేవాడు.

రీరోల్‌లను, అంటే చెడిన పాచికను మళ్లీ వేసుకునే అవకాశాలను, మొదటి రెండు వంతుల్లోనే ఖర్చు చేస్తున్నావు. దెబ్బ వేసి ప్రత్యర్థిని పడగొట్టలేక వెనక్కి మాత్రమే నెట్టినందుకు రీరోల్ వాడటం దుబారా. టర్నోవర్‌ను తప్పించడానికే వాటిని దాచుకో, అందులోనూ బంతి ఎత్తడానికి ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండనీ. బంతిని ఎత్తే పని మాత్రం వీలైనంతవరకు బంతి విసిరే త్రోయర్‌కే అప్పగించు. మామూలువాడికి మూడింట రెండుసార్లు అందే బంతి, ఒకసారి తప్పినా మళ్లీ ప్రయత్నించగల నైపుణ్యం ఉన్న అతడికి తొమ్మిదింట ఎనిమిదిసార్లు అందుతుంది. అతడు ఎత్తబోయేముందే చుట్టూ మనవారిని కాపలా పెడితే, తప్పినప్పుడు కూడా బంతి మన గుంపులోనే దొర్లుతుంది.

జట్టు కూర్పు గురించి ఎక్కువ చెప్పను. పది లక్షల బంగారు నాణేలతో నలుగురు బ్లిట్జర్లు (దూకి కొట్టేవారు), ఒక త్రోయర్, ఇద్దరు క్యాచర్లు (బంతి అందుకునేవారు), అయిదుగురు లైన్‌మెన్ (మామూలు ఆటగాళ్లు), మూడు రీరోల్‌లు, ఒక వైద్యుడు సరిగ్గా సరిపోతాయి. రీరోల్‌లు లీగ్ మొదలయ్యాక రెట్టింపు ధర పలుకుతాయి గనుక వాటిని మొదటే కొనుక్కో. నువ్వు మోజుపడిన భారీకాయుడు ఓగ్రేను తరువాత చూసుకోవచ్చు. అనుభవం కూడాక లైన్‌మెన్‌కు బ్లాక్, బ్లిట్జర్లకు గార్డ్ నేర్పించు. గార్డ్ ఉన్నవాడు పక్కన ప్రత్యర్థి నిలబడి ఉన్నా తోటివాడికి ఆసరా ఇవ్వగలడు, కాబట్టి గుంపుగా తలపడేటప్పుడు ఇద్దరు గార్డ్‌లు ఒక ఓగ్రే చేసే పని చేస్తారు.

బంతి చేతికి వచ్చాక కేజ్ కట్టడం నేర్చుకో. బంతి ఉన్నవాణ్ణి మధ్యలో ఉంచి, అతడికి నాలుగు మూలల గడుల్లో నలుగురిని నిలబెట్టడమే కేజ్. పక్కగడులు ఖాళీగా ఉన్నాయి కదా, శత్రువు దూరడా అనిపిస్తుంది. దూరాలంటే ముందుగా కనీసం ఒక మూలవాడి పట్టులో, అంటే అతడి పక్కగడిలోకి రావాలి, అక్కడినుంచి రెండు మూలలవారితోపాటు బంతి పట్టుకున్నవాడి పట్టు కూడా ఉన్న గడిలోకి డాడ్జ్ చేయాలి. మామూలుగా 3 పడితే చాలిన మనిషికి అప్పుడు 6 పడాలి, 2తో గట్టెక్కే ఎల్ఫ్‌కు 5 కావాలి. ఇంత భద్రత మరే అమరికలోనూ దొరకదు. అయితే మూలల్లో ఉన్నవారిని ప్రత్యర్థుల పక్కన ఆనించి పెట్టావంటే వారిని కొట్టి మూల విప్పేస్తారు, కనుక వీలైనప్పుడల్లా ఒక గడి ఎడం ఉంచు. కేజ్‌ను మైదానం అంచుకు చేర్చవద్దు. అంచున ఉన్నవాణ్ణి బయటికి నెడితే ప్రేక్షకులే చితకబాదుతారు, అక్కడ కవచం కూడా కాపాడదు.

కేజ్ నడిపించడంలో నీకు ఓపిక తక్కువ. బంతి మన వెనుక భాగంలో పడినా చేరవలసింది ఇంచుమించు 20 గడులే, చేతిలో ఉన్నవి ఏడు వంతులు, అంటే వంతుకు మూడు గడులు నడిస్తే చాలు. ముందుగా దెబ్బలతో, వంతుకు ఒక్కసారే దొరికే బ్లిట్జ్‌తో (కదిలి వెళ్లి కొట్టడంతో) ఎదుట దారి తెరువు. ఆ తరువాత ముందు మూలలవారిని, ఆపైన బంతి ఉన్నవాణ్ణి, చివరకు వెనుక మూలలవారిని కదుపు. నాలుగో వంతులోనే టచ్‌డౌన్ చేయగలిగినా, ప్రమాదం లేదనుకుంటే ఆగు. మొదటి సగంలో బంతి నీకు దక్కితే ఎనిమిదో వంతులో గీత దాటు. అప్పుడు ప్రత్యర్థికి ఒకే ఒక్క వంతు మిగులుతుంది, ఎలుకమనుషులు, ఎల్ఫ్‌లు వంటి వేగవంతులకు తప్ప ఒక్క వంతులో టచ్‌డౌన్ ఎవరికీ సులభం కాదు. ఇలా ఆడితే చూసేవారికి విసుగు పుట్టవచ్చు గాని, గెలుపు సాధారణంగా 2–1గా ఈ దారిలోనే వస్తుంది.

బంతి ప్రత్యర్థిదైనప్పుడు నువ్వు చేసే తప్పు దీనికి సరిగ్గా తిరగేసినది. ఓర్క్‌లనూ డ్వార్ఫ్‌లనూ చూసి పౌరుషం వచ్చి, నీవారందరినీ వారి ముందుకు తోసి నిలబెడుతున్నావు. వారు కోరుకునేదీ అదే. మన పులిజూదంలో మేకలు పులిని కొట్టవు, దారులు మూసి కదలకుండా చేస్తాయి. నువ్వూ అలాగే ఒక గడి వెనక్కి తగ్గి అడ్డుకట్ట కట్టు. ప్రతి ఆటగాడి పట్టు అతడి చుట్టూ ఉన్న గడులన్నిటి మీదా ఉంటుంది గనుక, ఇద్దరి మధ్య రెండేసి ఖాళీ గడులు వదిలినా వాటిలోంచి డాడ్జ్ చేయకుండా ఎవరూ దాటలేరు. ఈ లెక్కన మైదానం వెడల్పంతా మూయడానికి అయిదుగురు చాలు. మిగిలినవారిలో కొందరిని రెండో వరుసగా పెట్టు, ఎందుకంటే బ్లిట్జ్‌తో మొదటి వరుసలో ఒక రంధ్రం పడటం ఖాయం. డ్వార్ఫ్‌ల వంటి నిదానపు జట్టును ప్రతి వంతులోనూ ఒకటి రెండు గడులు ఆలస్యం చేయగలిగితే, ఎనిమిది వంతులు పూర్తయ్యేసరికి వారు గీతకు రెండడుగుల దూరంలో నిలిచిపోతారు.

ఎదుటివారిని గాయపరచి ఖాళీ చేద్దామన్న ఆశ కూడా తగ్గించుకో. నీ లైన్‌మెన్ వంటి కవచం ఉన్నవాణ్ణి కూల్చిన ప్రతి తొమ్మిదిసార్లలో సగటున ఒక్కసారే అతడు మైదానం విడిచిపోతాడు, ఓర్క్‌ల సంగతి చెప్పనే అక్కరలేదు. పడగొట్టడం వల్ల కలిగే అసలు లాభం వేరు. అతడు లేవడానికి తన నడకలో మూడు గడులు పోగొట్టుకుంటాడు, ఆ ఎడంలో నీకు దారి దొరుకుతుంది. కిందపడినవాణ్ణి తొక్కే ఫౌల్‌ను మాత్రం వంతులో చివరి పనిగా, ఖరీదు తక్కువైన లైన్‌మన్ చేత, పక్కన ఇద్దరు ఆసరా ఉన్నప్పుడే చేయించు. జంట అంకెలు పడితే అతణ్ణి బయటికి పంపేస్తారు, వంతూ పోతుంది.

ఇక వేళ. ఒక ఆట గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ప్రత్యర్థి బ్రిటన్‌లో ఉంటే, అక్కడ సాయంత్రం ఏడయ్యేసరికి మనకు అర్ధరాత్రి కావస్తుంది లేదా దాటిపోతుంది. ఆ వేళ నిద్రమత్తులో కూర్చుంటే పాచికల వరస ఎలా గుర్తుంటుంది? శని, ఆదివారాల పగటిపూట ఆటలు కుదుర్చుకో. ఓడిపోతున్నావని మధ్యలో వదిలి వెళ్లవద్దు. అవతలివాడు తన రెండు గంటలు నీకోసం పెట్టాడు, పైగా ఓడే ఆటలో కూడా నీ ఆటగాళ్లు టచ్‌డౌన్‌కు మూడు, గాయానికి రెండు చొప్పున అనుభవం సంపాదించుకుంటారు.

వుడ్ ఎల్ఫ్‌లకు మారతానని చివర్లో రాశావు. వారి వార్‌డాన్సర్ల గంతులు చూడటానికి బాగుంటాయి, కాదనను. కానీ ఆ జట్టులో ఎల్ఫ్‌లందరి కవచం పలచన, కొత్త ఆటగాణ్ణి కొనాలంటే ఖరీదు ఎక్కువ, రెండు పొరపాట్లకే మైదానంలో మనవారు కరువవుతారు. ఈ సీజన్ పూర్తయ్యేదాకా మనుషుల జట్టుతోనే ఆడు. వచ్చే ఆదివారం ఆడిన ఆట వీడియో పంపేటప్పుడు, ప్రతి వంతులో మొదటి పాచిక ఎంతమంది కదిలాక వేశావో కాగితం మీద రాసి పంపు.

అక్కకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మావయ్య