కలల వల్ల ధైర్యం వస్తుందా? నాకైతే వచ్చింది

మీటింగ్‌లో మాట్లాడబోతే గొంతు పెగలనట్టు పదే పదే కల వస్తోందని రాశారు. కలల సాయంతో ధైర్యం తెచ్చుకుని మనసుకు నచ్చినట్టు బతకడం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. కాకపోతే పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది అని ఫలితాలు చెప్పే పుస్తకాలు పక్కన పెట్టేయండి. కలలో మీకేమనిపించింది, ఎక్కడ ఆగిపోయారు అన్నదే చూడండి. నాకు పనికొచ్చింది అదే.

మాది రాజమండ్రి. 1881లో వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించిన ఊరు. మావారు పోయాక ఆ ఊళ్లోనే నేను బొట్టు తీసేశాను. తీసేయమని ఎవరూ నోటితో అనలేదు, చూపులు చాలాయి. పెళ్లిళ్లకు వెళ్లినా వెనక వరసలో కూర్చుని భోజనం చేసి వచ్చేసేదాన్ని.

కలలో మాత్రం నా నుదుటన ఎర్రటి కుంకుమ, ఒంటి మీద చిలకాకుపచ్చ చీర. పెళ్లి మండపం. మా తమ్ముడి భార్య "వదినా, అక్షింతలు వేద్దురుగాని రండి" అని పిలుస్తుంది. లేవబోతే కాళ్లు రావు. గుండె దడతో మెలకువ వచ్చేది. ఒకరోజు చెదిరిపోకముందే ఆ కలను నోటుబుక్కులో రాసి చదువుకున్నాను. అందులో నన్ను వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. పైగా ఆ బొట్టుతో నేను ఎంతో సంతోషంగా ఉన్నాను. నాకేం కావాలో అప్పుడు తెలిసింది.

మీరూ లేచీ లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే రాయండి. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర సుమారు తొంభై నిమిషాలకోసారి వస్తూ, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. తెల్లవారుజాము కలలు బాగా గుర్తుండేది అందుకే.

తర్వాతి పని నాకు ఒక కౌన్సెలర్ నేర్పారు. కల ముగింపును మార్చి రాసుకుని, పగలు కాసేపు కళ్లు మూసుకుని ఆ కొత్త కలను మనసులో నడిపించాలి. పీడకలలకు ఇది డాక్టర్లు వాడే పద్ధతే. లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న మహిళల మీద అమెరికాలో బారీ క్రాకో బృందం దీన్ని పరీక్షిస్తే పీడకలలు తగ్గాయని, నిద్ర మెరుగుపడిందని 2001లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. మీ కల నిజంగా జరిగిన దాడినో ప్రమాదాన్నో చూపిస్తుంటే మాత్రం ఒంటరిగా చేయకండి, సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లండి.

మొదట నేను అందరూ నవ్వుతూ ఎదురొచ్చినట్టు రాశాను. మనసు నమ్మలేదు. అప్పుడిలా మార్చాను: "కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తాను. పక్కనున్న పిన్ని మొహం తిప్పుకుంటుంది. అయినా నడుస్తాను." పిన్నిని ఉంచాకే ఆ కల నాదయింది. మనం ఎవరికి భయపడతామో ఆ మనిషిని కలలోంచి తీసేస్తే, ఆవిడ ఎదురుపడినప్పుడు ఏం చేయాలో మనకు అలవాటు కాదు కదా!

ముందు ఇంట్లోనే చిన్న స్టిక్కర్ బొట్టు పెట్టుకున్నాను. తర్వాత అలాగే కూరగాయలకు వెళ్లాను. కొన్నాళ్లకు మేనకోడలి పెళ్లి వచ్చింది. పిన్ని నిజంగానే మొహం తిప్పుకుంది. కాళ్లు వణికాయి కానీ కదిలాయి. మరదలు నా దోసిట్లో అక్షింతలు పోసింది, వెళ్లి పిల్ల తల మీద వేశాను. ఆవేళ కట్టుకున్నది చిలకాకుపచ్చ చీరే.

మీ విషయానికొస్తే, ఆ మీటింగ్ కలలో మీరు చెప్పబోయి ఆగిపోయిన మాట ఏమిటో ముందు కాగితం మీద పెట్టండి. అది పని గురించిన అభిప్రాయమా, ఉద్యోగమే వద్దనా, ఇంకేదైనానా? అది తేలకుండా ముగింపు మార్చినా లాభం లేదు. తేలాక, అడ్డుపడే మనిషిని అక్కడే కూర్చోబెట్టి, మీరు ఆ మాట అనేసినట్టు రాసుకోండి. నిజంగా అనేటప్పుడు మాత్రం మీటింగ్‌తో మొదలుపెట్టకండి. మీకు బాగా చనువున్న ఒక కొలీగ్‌తో, టీ తాగుతూ అనండి.